ఆదికి తీసిన చీల

ఆ షెడ్డులో అందరికంటె పిరికివాడెవరని అడిగితే, అందరికంటె ముందుగా తన చేయి తానే ఎత్తగలవాడు సీట్లు కుట్టే దర్జీ. తండ్రినాటి నుండి బస్సులకూ కార్లకూ సీట్లు కుట్టిన కుటుంబం అతనిది. లిఫ్టు ఎక్కడు, మెట్లెక్కినా గోడవారగా నడుస్తాడు, కుక్క మొరిగిన వీధిలో మరి అడుగుపెట్టడు. "మా ఆయన తన నీడ అడ్డొచ్చినా పక్కకి తప్పుకుంటాడు" అని భార్య నవ్వేది. అటువంటి మనిషిని యుద్ధవిమానాల పాలు చేసినవాడు ఆమె తమ్ముడే.

కాలం చెల్లిన యుద్ధవిమానాలను తెచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, ప్రదర్శనశాలకు పంపడం ఆ షెడ్డు పని. బావమరిది అక్కడ అద్దాలకు మెరుగుపెట్టేవాడు. "నువ్వేం గాల్లోకి ఎగరక్కర్లేదు బావా, నేలమీద కూర్చుని కుట్టుకోడమే" అని నమ్మబలికి తీసికొనివచ్చాడు.

దర్జీకొక అలవాటు ఉండేది. కొలతలను అతడు నమ్మడు. పాతదానిని ఉన్నదున్నట్లు విప్పి తెచ్చి, ఎదుట పెట్టుకొని, దానినే ఆదిగా చేసికొని కొత్తది కుడతాడు. అందుచేత అతని కుట్టు ఏనాడూ బిగువు కాలేదు, వదులూ కాలేదు.

కొత్తగా వచ్చిన విమానంలో పైలటు కుర్చీకి తలవైపున ఉన్న పిడికి ఒక ఎర్రగుడ్డ వేలాడుతూ ఉండేది. "అది చివికిపోయింది, అలాంటిదే కొత్తది కుట్టు" అన్నాడు పెద్దాయన. షెడ్డు పని చూచే ఆయన ఒకప్పుడు సైన్యంలో అటువంటి కుర్చీలను బిగించినవాడు. మరునాటి ఉదయం దర్జీ ఊపిరి బిగబట్టి నిచ్చెన ఎక్కి, ఆ గుడ్డనూ, దానికి కట్టి, పిడి కన్నంలో గుచ్చి ఉన్న ఇనుప చీలనూ కలిపి లాగి, ఆదికి తెచ్చుకొన్నాడు.

అతడు మిషను మీద వంగి ఉండగా పెద్దాయన టీ గ్లాసుతో వచ్చాడు. బల్లమీది చీలను చూచి, గ్లాసును తిన్నగా ఎర్రగుడ్డ మీదనే పెట్టాడు. మరక పడుతుందని చెప్పబోయిన దర్జీ, ఆయన ముఖం చూచి మిషను ఆపివేశాడు.

"ఇది ఎక్కడ్నించి తీశావు?"

"ఆ గుడ్డతోపాటే ఉందండీ. ఆదికని..."

"లోపల ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు పెద్దాయన, బిగ్గరగా అంటే ఏదో నిద్ర లేస్తుందన్నట్లు.

జవాబు పైనుండి, పైలటు కుర్చీలో కూర్చొని అద్దం తుడుస్తున్న బావమరిదినుండి వచ్చింది. "నేనున్నా పెద్దాయనా! ఎక్కడికి పోనిమ్మంటారో చెప్పండి, పోనిస్తా!"

"కదలకు! చేతులు ఒళ్ళో పెట్టుకో. తలమీదున్న పిడి ముట్టుకోకు."

"అయ్యో, దానికే నా తుడుపుగుడ్డ తగిలించానే. తీసెయ్యనా?"

"వద్దు!"

అపాయం వచ్చినప్పుడు పైలటును కుర్చీతోసహా ఆకాశంలోనికి విసరివేయడానికి దానికింద పేలుడుమందు కూరి ఉంటుంది. దానిని తీసేవారు ఇంకా రాలేదు. పిడి కదిలితే మందు పేలుతుంది. పిడిని కదలనీయకుండా పట్టి ఉంచేది ఆ చీల ఒక్కటే. పెద్దాయన ఈ సంగతి అందరికీ చెప్పిననాడు దర్జీ కాన్వాసు కొనడానికి బజారుకు పోయి ఉన్నాడు.

"అన్నేళ్ళ మందు కదండీ, చచ్చి ఉండదా?" అన్నాడు దర్జీ.

"చచ్చిందో బతికిందో దానికే తెలియాలి. నా మోకాలు వంగదు, నిచ్చెన ఎక్కలేను. తక్కినవాళ్ళంతా గేటు దగ్గర రెక్క దించుతున్నారు. తీసిన చేతికే కన్నం తెలుస్తుంది, నువ్వే మళ్ళీ గుచ్చాలి. వెళ్ళు."

దర్జీ చీల పట్టుకొని నిచ్చెన ఎక్కాడు. కుర్చీకి సరిగ్గా ఎగువన షెడ్డు ఇనుపదూలం అడ్డంగా ఉంది. అంతకుముందు దానిని అతడు చూడనైనా లేదు. ఇప్పుడు అది తప్ప మరేమీ కనబడడం లేదు. ఇంటికి పోయి భార్యతో, నీ తమ్ముడు, అని మొదలుపెట్టి ఆపైన ఏమని చెప్పాలి?

"బావా, నిచ్చెన ఊపకు" అన్నాడు బావమరిది, పెదవులు కదిలీ కదలకుండా.

"నేను ఊపడం లేదురా. నా కాళ్ళు ఊపుతున్నాయి."

"అక్కకి చెప్పకు."

తుడుపుగుడ్డ మడత కన్నాన్ని కప్పివేసింది. దానిని లాగితే పిడి వస్తుంది. దర్జీ బొటనవ్రేలి గోటిని మడత క్రిందికి జొనిపి, పట్టుబట్టను ఎత్తినట్లు వెంట్రుకవాసి ఎత్తాడు. చీల మొన ఇనుమును తాకి టక్కుమన్నది. ఇద్దరూ కన్నులు మూసికొన్నారు. ఏమీ కాలేదు. మరల వెదకాడు, ఈసారి చీల లోపలికి దిగింది. దానిని బొటనవ్రేలితో అదిమిపట్టాడు.

"దిగు, మెల్లగా" అన్నాడు పెద్దాయన బావమరిదితో. అతడు ప్రక్కకు ఒరిగి, బావ భుజాన్ని ఒరసికొంటూ అవతలి ప్రక్కనున్న రెండో నిచ్చెన మీదుగా నేలకు దిగాడు.

"నువ్వూ వచ్చెయ్."

"ఇక్కడ రెండు కన్నాలున్నాయండీ" అన్నాడు దర్జీ. "పొద్దున్న దేన్లోంచి తీశానో..."

పెద్దాయన నిచ్చెన మొదట్లోకి వచ్చి తల పైకెత్తాడు.

"చీల కొన అవతలికి వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే అదే. రెండోది గుడ్డి కన్నం, అవతలికి పోదు. చెయ్యి తియ్యి."

దర్జీకి ఆ మాట వినబడింది, అర్థమూ అయింది. చేయి మాత్రం రాలేదు. కుర్చీ లేచే దారిలోనే తన తల ఉన్నదని తెలిసీ, అతడు అట్లే వంగి నిలిచిపోయాడు.

బావమరిది ఈసారి బావ ఉన్న నిచ్చెననే ఎక్కి, వెనుకనుండి చేయి చాచి, బావ వ్రేళ్ళను ఒక్కొక్కటిగా విడదీయసాగాడు. పరిహాసమేమీ ఆడలేదు. బొటనవ్రేలి వద్దకు వచ్చేసరికి అతని చేయి కూడ ఆగింది.

"పెద్దాయనా," అన్నాడు, "అదే కన్నమని ఇంకోసారి చెప్పండి."