గ్లవ్‌బాక్స్ మీది సంతకం

పన్నెండేళ్లుగా నేనొక వాక్యాన్ని మోస్తున్నాను. ఆరే ఆరు మాటలు. విడివిడిగా చూస్తే అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఇన్నాళ్లూ నన్ను కాపాడింది అదే. లోపల్లోపల తినేసిందీ అదే.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఈపాటికి చెప్పేసి ఉండేవాణ్ణి. నేను అంత ధైర్యవంతుణ్ణి కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తరవాత మీరు నిరాశ పడకుండా.

అప్పుడు నాకు ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. అల్ఫారెట్టా అనే ఊళ్లో రఘు అన్న తన ఇంటి బేస్‌మెంట్‌లో చోటిచ్చాడు. కాలేజీలో నాకు మూడేళ్లు సీనియర్, అంతే చుట్టరికం. వదిన మూడు పూటలా అన్నం పెట్టింది. తన కంపెనీలో నా పేరు తనే రిఫర్ చేసి, మేనేజర్ వెంటపడి ఇంటర్వ్యూ వేయించాడు అన్న. అలాంటి ఇంట్లో నేను చేసిన పనికి తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అన్న మాట చాలదు. వాసాలు లెక్కపెట్టినవాడు కనీసం ఇంట్లో పిల్లల జోలికి వెళ్లడు.

ఆ ఇంట్లో గరాజ్‌ది గర్భగుడి హోదా. లోపల ఒక తెల్లటి జపాన్ కారు ఉండేది. రెండే తలుపులు, స్టీరింగ్ కుడివైపు. అలాంటి కార్లను ఇరవై అయిదేళ్లు నిండితే గాని ఈ దేశంలోకి రానివ్వరు. అన్న ఆ గడువు కోసం క్యాలెండర్ చూస్తూ కూర్చుని, నిండిన నెలలోనే ఓడలో తెప్పించుకున్నాడు. మామూలు కారు కాదది. రేసుల్లో దిగాలంటే అదే బండిని రోడ్డు మీద జనానికి కూడా అమ్మి తీరాలని అప్పట్లో రూలు. ఆ రూలు కోసమే కంపెనీ లెక్కకు కొన్నే చేసి అమ్మి, ఆపేసింది. ఇంజన్ నుంచి బోల్టు దాకా ఏదీ మార్చనిదైతేనే దాని విలువ. అన్న దానికి కొత్త ఫ్లోర్ మ్యాట్ కూడా వేయనిచ్చేవాడు కాదు.

అన్నిటికంటే విలువైనది గ్లవ్‌బాక్స్ మూత మీద ఉండేది. బూడిద రంగు ప్లాస్టిక్ మీద వెండి రంగు పెన్నుతో ఒక సంతకం. ఆ మోడల్‌ను వానలో నడిపి, అందరికంటే ముందు గీత దాటించిన ముసలి రేసర్‌ది. ఆయన కార్లోకి వంగి సంతకం పెడుతున్న ఫొటో కూడా కాగితాలతో పాటు వచ్చింది. "రంగు మళ్లీ వేయించుకోవచ్చు తమ్ముడూ, ఇంజన్ మళ్లీ కట్టించుకోవచ్చు. ఇది మాత్రం మళ్లీ రాదు," అనేవాడు అన్న, వేలు ఆనించకుండా చూపిస్తూ.

ఆ సంతకానికి ఎదురుగా ఉండే సీటు తన్విది. అన్న ఒక్కగానొక్క కూతురు, అప్పటికి పదకొండేళ్లు. శనివారం పొద్దున ఊళ్లో పాత కార్లవాళ్లంతా ఒక పార్కింగ్ లాట్‌లో కాఫీ తాగడానికి చేరేవారు. తండ్రీకూతుళ్లు తప్పకుండా వెళ్లేవారు. స్టీరింగ్ కుడివైపు కదా, తన్వి ఎడమవైపు కూర్చునేది. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు తిరిగి చూసి, డ్రైవర్ ఉండాల్సిన చోట రెండు జడల పిల్ల కనబడేసరికి అదిరిపోయేవారు. తన్వి లేని స్టీరింగ్‌ను తిప్పుతున్నట్టు నటించి వాళ్లను ఇంకా భయపెట్టేది. లాట్‌లో మడత స్టూలెక్కి నిలబడి, తెల్లజుట్టు దొరలకు ఆ కారు కథంతా అప్పచెప్పేది. అన్న పక్కన నిలబడి నోరు మెదపకుండా వినేవాడు. ఆయన ముఖం అప్పుడు చూడాలి. పదహారేళ్లు రాగానే గేర్లు మార్చడం ఈ కారు మీదే నేర్పిస్తానని మాటిచ్చాడు. ఆ పిల్ల ఆ రోజు కోసమే పెరుగుతున్నట్టుండేది.

ఆ దసరాకి గుడి పార్కింగ్‌లో వాహన పూజ చేయించారు. అన్న ముందే షరతు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు సరే, కొబ్బరికాయ దూరంగా కొట్టాలి, బొట్లు మాత్రం ఎక్కడా పెట్టకూడదని. పంతులుగారు నవ్వుకుని, పూలూ అక్షింతలూ చల్లి, కుంకుమ పొట్లం చేతిలో పెట్టి పంపించారు. మధ్యాహ్నం ఇంటికి రాగానే తన్వి పూలు ఏరేసి, తడిబట్టతో లోపలంతా తుడిచింది. అది ఆమె డ్యూటీ. సంతకం చుట్టూ వేలి దూరం వదిలి తుడవడం ఆమెకు అలవాటు. అప్పుడూ అలాగే వదిలింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను కళ్లారా చూశాను.

సోమవారం నా ఇంటర్వ్యూ. అరవైలో మిగిలినవి పదకొండు రోజులు. పూజ రోజున భోజనాలయ్యాక అందరూ పైన నడుం వాల్చారు. నాకు మాత్రం ఒకటే పీకులాట. బొట్టు లేని పూజేమిటి? పూజ సగంలో ఆగితే ఆ ఇంట్లో తింటున్న నాకు తగలదా? ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. ఇంజనీరింగ్ చదివి, సర్వర్లు నడిపిన నేను, ఒక కారుకి బొట్టు లేదని నా వీసా పోతుందనుకున్నాను. కుంకుమ పొట్లం తీసుకుని గరాజ్‌లోకి వెళ్లాను.

ఎవరికీ కనబడని చోట పెడదామనుకున్నాను. గ్లవ్‌బాక్స్ తెరిచి, కుంకుమ అరచేతిలో నీళ్లతో తడిపి, లోపల పైభాగంలో ఒక బొట్టు పెట్టాను. తల వంచి టార్చి వేస్తే తప్ప కనబడదు. దణ్ణం పెట్టుకున్నాను. మూత వేసి చూస్తే పైన సన్నటి ఎర్రటి ధార. చేతి తడి. టిష్యూతో అద్దాను. అద్దితే ఇంకా పాకింది. సంతకం అంచు దాకా వెళ్లింది. అన్న చూస్తే ఏమంటాడు? వద్దన్న పని చేశావేమిటి అంటాడు. అంతకంటే ఏమంటాడు? కానీ ఆ మధ్యాహ్నం నాకు ఆ 'అంతకంటే ఏమంటాడు' తట్టలేదు. అరలో స్టిక్కర్ల జిగురు వదిలించే స్ప్రే ఉంది. గుడ్డ మీద కొట్టి ఒక్క తుడుపు తుడిచాను. కుంకుమ పోయింది. ఆ వెనకే సంతకమూ పోయింది. గుడ్డ మీద వెండి రంగు మెరిసింది.

ఆ గుడ్డను వంటింటి చెత్తబుట్టలో కొబ్బరిపీచు కింద దూర్చాను. బేస్‌మెంట్‌లోకి వెళ్లి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

సాయంత్రం నాలుగింటికి అన్న పిలిచాడు. కారు తలుపు తెరిచి ఉంది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తమ్ముడూ, సంతకం ఏది?"

చెప్పడానికి అదే సమయం. నాకు గొంతు కూడా పెగిలింది. పెగిలి, ఇది చెప్పింది:

"మధ్యాహ్నం తన్వి కారంతా తుడుస్తూ కనబడింది, అన్నా."

ఆరు మాటలు. ఒక్కటీ అబద్ధం కాదు, చెప్పాను కదా.

అన్న కూతుర్ని పిలిచాడు. కోపంగా కాదు. "నాన్నా, గ్లవ్‌బాక్స్ తుడిచావా?"

"యా, తుడిచా నాన్నా. మొత్తం క్లీన్ చేశా." ముందు ఉత్సాహంగానే అంది. తరవాత మూత వైపు చూసింది. చూసి, ఇంకొంచెం చూసి, "బట్ నేను సైన్ టచ్ చెయ్యలే నాన్నా... ఐ థింక్," అంది.

ఐ థింక్. ఆ పసిదాని నిజాయితీ అది. రూఢిగా తెలియనిదాన్ని రూఢిగా చెప్పకూడదనుకుంది. రూఢిగా తెలిసినవాణ్ణి నేను పక్కనే ఉన్నాను. కుక్కిన పేనులా ఉన్నాను.

"సరేలే అమ్మా," అన్నాడు అన్న. అంతే. తిట్టలేదు. కారు మీద కవర్ కప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదు? సోమవారం దాటితే చెబుదామనుకున్నాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఉద్యోగం వచ్చింది. బొట్టు పనిచేసిందనుకోవాలా? చేరాక చెబుదామనుకున్నాను. సొంత అపార్ట్‌మెంట్‌కి మారాక, కొత్త వీసా చేతికొచ్చాక చెబుదామనుకున్నాను. ఈలోగా అన్న ఫొటో జతచేసి, మళ్లీ సంతకం పెడతారా అని జపాన్‌కి ఉత్తరం రాశాడు. ఆ పెద్దాయన పోయారని కుటుంబం జవాబిచ్చింది. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. చూశారా, నాకు ప్రతిసారీ ఒక కారణం దొరికేది. లాభం ఎవరికి కావాలి? ఆ పిల్ల మీద నింద పోవాలి, అంతే కదా కావలసింది.

సంతకం పోయిన తరవాతి శనివారం తన్వి కిందికి రాలేదు. హోంవర్క్ ఉందంది. అన్న ఒక నిమిషం మెట్ల దగ్గర నిలబడి, "నువ్వు వస్తావా తమ్ముడూ?" అన్నాడు. ఆమె సీట్లో నేను కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ మూత. లాట్‌లో ఎవరో కారు కథ అడిగితే అన్నకు చెప్పడం సరిగా రాలేదు. ఎప్పుడూ చెప్పేది కూతురే కదా. మడత స్టూలు వెనక సీట్లోనే ఉండిపోయింది.

పదహారేళ్లు నిండిన రోజు అన్న తాళాలు తెచ్చి తన్వి చేతిలో పెట్టాడు. కేక్ తినడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. "వద్దు నాన్నా, మళ్లీ ఏదైనా పాడు చేస్తా," అని తిరిగి ఇచ్చేసింది. నవ్వుతూనే అంది. అన్న కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకూడదని నవ్వుతున్నారు. నేను కేక్ తిన్నాను. ఆ రోజు నోరు విప్పినా ఆ తండ్రికి ఆ బిడ్డ, ఆ బిడ్డకు ఆ కారు తిరిగి వచ్చేవి. ఆ తరవాత ఏ రోజూ అంత సులువుగా లేదు.

ఈ శీతాకాలంలో రఘు అన్న పోయాడు. గుండె. ఆస్పత్రికి తీసుకెళ్లే లోపే.

వదిన ఆ ఇల్లు వదిలి తన్వి దగ్గరికి వెళ్లిపోతోంది. కారు అమ్మేస్తున్నారు. పోయిన వారం వేలంవాళ్ల తరఫున ఒక పెద్దమనిషి చూడటానికి వచ్చాడు. కారు సంగతి నాకు తెలుసని తన్వి నన్నూ రమ్మంది. ఆయన కింద దూరి, పైన వంగి, గంటసేపు చూసి అన్నీ ఒరిజినల్ అని మెచ్చుకున్నాడు. తరవాత కాగితాల్లోంచి ఆ పాత ఫొటో బయటికి తీసి, ఈ సంతకం ఎక్కడ అని అడిగాడు.

తన్వి తడుముకోలేదు. "నేనే తుడిచేశాను. అప్పుడు నాకు పదకొండేళ్లు," అని ఇంగ్లిష్‌లో చెప్పింది. 'ఐ థింక్' లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. చెయ్యని పనిని పన్నెండేళ్లలో ఆ పిల్ల తనదిగా ఒప్పేసుకుంది. ఆ తుడుపు తనకు గుర్తుందని కూడా అనుకుంటోందేమో.

నా వైపు తిరిగి, "నాన్న నన్ను ఒక్కసారి కూడా తిట్టలే అంకుల్. ఐ విష్, తిట్టుంటే," అంది.

అప్పుడు ఆ పెద్దమనిషి గ్లవ్‌బాక్స్ తెరిచి, టార్చి వేసి, ఈ ఎర్రటి మరక తుప్పా అని అడిగాడు. తన్వి వంగి చూసింది. చాలాసేపు చూసింది. "అంకుల్, బొట్టు," అంది. "నాన్న పెట్టారు. మాకు నో అని చెప్పి, సీక్రెట్‌గా పెట్టారు." వేలితో తాకి, ఆ వేలిని కళ్లకద్దుకుని, కార్లోనే కూర్చుని ఏడ్చింది. తన పాత సీట్లో. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు నేను నిజం చెబితే ఆమె నేరం పోతుంది. దానితో పాటు ఆ బొట్టూ పోతుంది. తండ్రి దాచిపెట్టి వెళ్లాడనుకున్న ఆ ఒక్కటీ నేను లాగేసుకోవాలి. ఇది కొత్త కారణమా, పాత కారణాల వరసలో ఇంకొకటా? నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

సంతకం తుడిచింది నేను. తన్వి కాదు, నేను. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. రాసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. గుండె మీద బరువు దిగిందని అబద్ధం చెప్పను. కాస్త పక్కకు జరిగింది. ఊపిరి ఆడుతోంది. అన్న ఉండగా ఆడాల్సిన ఊపిరి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. తన్వికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మొదటి వాక్యం తెలుగులో మొదలుపెట్టినప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.

కారు తీసుకెళ్లే ట్రక్కు గురువారం వస్తుంది. ఎక్కించడానికి ఒక చెయ్యి వెయ్యమని తన్వి పిలిచింది. ఈ కాగితాలు జేబులో పెట్టుకున్నాను. ఆమెకు చదవడం రాదు. నేనే పైకి చదవాలి.