కొమురవ్వ అందుకోని చాట

గంభీరావుపేటలో మంత్రసాని కొమురవ్వ చెయ్యి పడని ఇల్లు లేదు. బొడ్డు కోసిన మనిషికి పురుడు నాడు చాటెడు బియ్యం, పైన చీర పెట్టడం మా ఆచారం. ఆ చాటలే ఆమెకు బతుకు. సర్కారు దవాఖానలో కాన్పయితే పైసలిస్తామని చెప్పినప్పటి నుంచి ఆమె గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు.

సకల జనుల సమ్మె నడుస్తుండగా నాకు రెండో కాన్పు నొప్పులొచ్చాయి. బస్సుల్లేవు. మా అత్త సరోజన తెలివి అంతా ఇంతా కాదు.

"ఇంట్లనే కానియ్యి కొమురక్కా. అయినంక దవాఖానకు పోయి వస్తుంటె తొవ్వల అయిందని చెప్తం. పైసలు మాకు, చాట నీకు" అంది.

కొమురవ్వ కొంగు దోపుకుని లేచింది. "పైసలు ఊకెనే ఇస్తున్నరా? తల్లి బతకాలని ఇస్తున్నరు. తొలి కాన్పుల ఈ పిల్ల నెత్తురంత పోయింది. బతికింది నా పనితనంతోని గాదు, దాని అదృష్టం. మల్ల నాతోని గాదు. ట్రాక్టర్ తియ్యుండ్రి!"

నోటికాడి కూడును అట్లా తోసేసిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నన్ను ట్రాలీలో పడుకోబెట్టి ఆమె కూడా ఎక్కింది.

ఊరు దాటగానే ట్రాక్టర్ ఆగింది. తెలంగాణ కోసం మా ఊరివాళ్లే రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అడ్డంగా బండరాళ్లు, పొయ్యిల మీద అన్నం గుండిగలు. ఎవరికీ దారిచ్చేది లేదన్నారు. కొమురవ్వ ట్రాలీలో లేచి నిలబడింది.

"ఓ సత్తయ్యా! ఓ దశరథం! మీల సగం మంది బొడ్డు కోసింది నేనే. నాకే తొవ్వ బందు వెడ్తరా?"

ఒక్కసారిగా అందరూ కదిలారు. ఉడుకుతున్న గుండిగలను గుడ్డలతో పట్టి పక్కకు దించారు, రాళ్లు దొర్లించారు. "జై తెలంగాణ" అని అరుస్తూ ట్రాక్టర్‌ను సాగనంపారు.

సిరిసిల్ల దవాఖానలో బిడ్డ పుట్టింది. ఆ వెంటనే నాకు నెత్తురు పోవడం మొదలై ఆగలేదు. సూదులు వేసి, నెత్తురెక్కించి డాక్టరమ్మ నన్ను దక్కించింది. ఇంట్లోనే ఉంటే నా బిడ్డకు తల్లి ఉండేది కాదు.

పురుడు నాడు మా అత్త నిండు చాట తెచ్చింది. కొమురవ్వ చేతులు చాపలేదు.

"బొడ్డు నర్సమ్మ కోసింది. నాకెట్ల ముడుతది?"

"మరి నువ్వెట్ల బతుకుతవ్ అవ్వా?" అన్నాను.

"బీడీలు జేస్తున్న గద బిడ్డా. ఓదెలు కోడలికి నెలలు నిండినయి. దవాఖానకు పోను ట్రాక్టర్ చెప్పిరావాలె" అని లేచింది.

అంత తెలివిగల మా అత్త చాట కింద పెట్టి, వంగి ఆమె కాళ్లు మొక్కింది.