పూలతీగ చెక్కిన చెయ్యి

అమలాపురం బజారులో మా పాత్రల కొట్టు ముందు ఇప్పుడు కరెంటు పెన్ను గుర్రుమంటూ ఉంటుంది. మూడు నిమిషాల్లో బిందె మీద పేరు పడిపోతుంది. ఆ చప్పుడుకి నాకు పళ్ళు జివ్వుమంటాయి. దాన్ని కొన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. అది మోగినప్పుడల్లా ఉలి మీద చిన్న సుత్తి పడే చప్పుడూ, వీర్రాజు గారూ గుర్తొస్తారు.

నేను ఆ కొట్టులో అమ్మకాలకి చేరేనాటికి నాకు ముప్పై రెండేళ్ళు, ఆయనకి డెబ్బై దగ్గర. అరుగు మీద గోనెపట్టా పరుచుకుని పాత్రల మీద పేర్లు చెక్కేవారు. ఆయన అక్షరానికి తలకట్టు కొసన చిన్న మెలిక ఉండేది, సున్నాలో రేకులు విచ్చుకునేవి. నేర్పమంటే ఆడవాళ్ళకెందుకని అనలేదు. పాత మూత ఒకటి చేతికిచ్చి ఆరు నెలలు సున్నాలే చెక్కించారు. నావన్నీ కోడిగుడ్లే అయ్యేవి.

"చెయ్యి తిప్పుతున్నారండి. ఉలి తిన్నగానే పోవాలి. మూతని తిప్పండి," అనేవారు.

"అలా తిప్పితే మిగతా అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి కదండీ."

"ఆయ్. చదవకండి మరి. గీత చూడండి."

తీగలు చెక్కడం వచ్చేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. పెళ్ళి పళ్ళాలకి అంచు చుట్టూ పూలతీగ వేస్తారు. పోయినవారి పేరున పెద్దకార్యంలో పంచేవాటికి ఒట్టి అక్షరాలే, మెలిక కూడా ఉండకూడదు. ఆయన జ్వరంతో రాని రోజున, అల్లవరంలో రొయ్యల చెరువులున్న రైతు ఒకాయన వాళ్ళమ్మగారి కార్యానికి ఇచ్చిన ఇరవై పళ్ళాలు నేను చెక్కాను. పేరు పూర్తయ్యాక బోసిగా అనిపించి చుట్టూ తీగ తిప్పాను. ఇరవైకీ.

మర్నాడు పొద్దున్నే రైతు వచ్చాడు. కార్యం ఆ మర్నాడే.

"ఏంటండీ ఇది? మా అమ్మకి పెళ్ళి చేస్తన్నామా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

జ్వరం తగ్గి వచ్చిన వీర్రాజు గారు పళ్ళెం అందుకుని వెలుతురులో తిప్పి చూశారు. ఎవరి గీతో ఆయనకి తెలియకపోతుందా! "నా పొరపాటేనండి. చూపు ఆనట్లేదు, మీరు రాసిచ్చిన చీటీ సరిగ్గా చదవలేదు. క్షమించండి," అన్నారు.

సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని కొత్త పళ్ళాలు చెక్కి పంపాం. సామాన్లు సర్దుతున్నప్పుడు అడిగాను.

"ఎందుకలా చెప్పేరండీ?"

"నాకు వయసైపోయిందనుకుంటారు, అంతే. మీది కొత్త చెయ్యి. ఇప్పుడు మాట పడితే మళ్ళీ ఎవరూ పళ్ళెం ఇవ్వరండి."

అలాగే అనుకున్నారు. పెద్దాయనకి చూపు పోయిందన్న మాట ముమ్మిడివరం దాకా పాకింది. నెల తిరక్కుండా, వచ్చినవాళ్ళు ఆయన్ని దాటుకుని నా ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. "మీరే చెక్కండమ్మా, ఆయనకి కనపట్టం లేదంట కదా," అనేవారు, ఆయనకి వినపడేటట్టే. నేను తలవంచుకుని చెక్కాను. రెండేళ్ళకి ఆయన రావడం మానేశారు. మరో నాలుగేళ్ళకి పోయారు.

పని ఆయన దగ్గర నేర్చుకున్నానని అడిగినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాను. ఇదొక్కటే ఇన్నాళ్ళూ సిగ్గుతో దాచుకున్నాను. వీర్రాజు గారి చూపు చివరిదాకా బాగానే ఉంది. అరుగు మీద నుంచి రోడ్డు మలుపులో బస్సు బోర్డు చదివేవారు. ఆ తీగ చెక్కింది నేను.