పాకం పట్టే చేతికి కువైటా, కెన్యానా?

బావకు ఒకే వారంలో రెండు దేశాల నుంచి పని వచ్చింది. ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పాన్‌మ్యాన్. చెరకు రసం చిక్కబడి గింజకట్టే పెద్ద పాత్రను పాన్ అంటారు. పాకం చుక్కను రెండు వేళ్ల మధ్య పట్టి, గింజ పడే అదను చూసి ఆవిరి పెంచడం, తగ్గించడం ఆయన పని. సీజన్ అయిపోయాక నిజామాబాద్‌లో వెల్డింగ్ చేసేవాడు. కువైట్‌లో దొరికింది వెల్డింగ్ పని. జీతం చాలా ఎక్కువ, భార్యాపిల్లలను తీసుకుపోయే వీలు లేదు. కెన్యాలో దొరికింది చక్కెర ఫ్యాక్టరీలో పాన్ పని. జీతం తక్కువ, కుటుంబానికి క్వార్టర్ ఇస్తారు. ఏదో ఒకటి మర్నాడు ఏజెంటుకు చెప్పాలి. బావకేమో డ్యూటీ. "డిగ్రీ సదువుతున్నవ్ గదా, నడువు. పోయొచ్చినోళ్లనే అడుగుదాం" అంటూ అక్క నన్ను నిద్ర లేపింది.

పొద్దున ఏడింటికి నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాం. మామూలుగా గంటలోపు ప్రయాణం. చెరకు బండ్లు రోడ్డంతా ఆక్రమించడంతో ఆ రోజు చాలాసేపు పట్టింది. మా మాటలు విన్న కండక్టర్ ఆగాడు.

"ఎవలు పోతుండ్రక్కా దుబాయ్?"

"దుబాయ్ కాదన్నా. కువైటో, కెన్యానో."

"ఏదైతేంది, దుబాయే గదా!"

మా దిక్కు సముద్రం దాటితే ఏ దేశమైనా దుబాయే.

బోధన్ బస్టాండు దగ్గర రాజన్న హోటల్ ఉంది. ఒకప్పుడు బావతో పాటే పాన్‌మ్యాన్‌గా పనిచేసి, కువైట్‌కు వెల్డింగ్ పనికి పోయి, ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. మేం వెళ్లేసరికి జిలేబి పాకం చూస్తున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుక్కను సాగదీసి, తీగ రాగానే మంట తగ్గించాడు.

"పైసలకైతే కువైటే చెల్లె. ఇల్లు కట్టిన, బిడ్డ పెండ్లి చేసిన. ఎండ సంగతి అడగకు, నెత్తిమీద కాదు, నెత్తిలనే పొయ్యి పెట్టినట్టుంటది."

"మరి తిరిగొచ్చినంక మళ్ల పాన్ మీదికి ఎందుకు పోలేవన్నా?" అని అక్క అడిగింది.

రాజన్న జాలిగరిటె పక్కన పెట్టాడు. "పోయిన. ఒక్క షిఫ్టు చేసిన. ఏడేండ్లు వెల్డింగ్ పట్టిన చేతికి అదను అందలే. గింజ కట్టాల్సింది పొడి పొడి అయింది. నా జోడీదారే వచ్చి వాల్వు బంద్ చేసిండు. ఒక్క మాట అనలే. తిట్టినా మంచిగుంటుండె." మళ్లీ పొయ్యి వైపు తిరిగి నవ్వాడు. "గీ జిలేబి పాకమైతే ఇంకా నా మాట వింటది. తిను తమ్మీ, పైసలియ్యకు."

అక్కడి నుంచి వర్ని బస్సు, వర్ని నుంచి షేర్ జీపులో మోస్రా. జీపు నిండేదాకా కదలదు. ఆ ఎదురుచూపును కూడా లెక్కలో వేసుకోండి. మోస్రాలో సాయమ్మ ఉంటుంది. ఆమె భర్త కెన్యాలో పాన్ పనే చేశాడు. నాలుగేళ్లు ఆమె కూడా అక్కడే ఉంది. మేం వెళ్లేసరికి వాకిట్లో చేట ముందు పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది.

"ఆయనకేం, రాజాలెక్క ఉన్నడు. ఏడాదంత గానుగ నడుస్తది, చేతినిండ పని. తిండంటవా, గక్కడ కూడ మక్క గట్కనే తింటరు. పేరే వేరే. దోమలతోనే పరేషాన్, ఇద్దరికీ మలేరియా వచ్చింది."

"నువ్వేం చేసినవక్కా?" అని మా అక్క అడిగింది.

"నేనా? బీడీల కత్తెర తీస్కపోయిన పిచ్చిదాన్ని. దాంతోని కొత్తిమీర కోసిన." సాయమ్మ పకపకా నవ్వింది, తర్వాత చేటలోకి చూసింది. "ఇంట్ల కూసుంటే నాలుగేండ్లు నలభై ఏండ్లయినై. వచ్చేసరికి నా బీడీ కార్డు రద్దయింది. గిప్పుడు మా చెల్లె పేరు మీద చేస్తున్న."

అక్క కూడా బీడీలు చుడుతుంది. పెళ్లికి ముందు నుంచీ నడుస్తున్న కార్డు. పీఎఫ్, పెన్షన్ అన్నీ దాని మీదే. తిరుగు బస్సులో నిజామాబాద్‌కు బయల్దేరాం. దారి పొడవునా నేను జీతం, క్వార్టర్, ఎండ, మలేరియా పక్కపక్కన పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఎటు చూసినా కువైటే ముందుంది.

సాయంత్రం బావ ఇంటికొచ్చాడు. "ఏమన్నరు?"

"కెన్యా పో" అంది అక్క. "నేను రాను. క్వార్టర్ యాడికి పోదు, నా కార్డు పోతే మళ్ల రాదు. పెన్షన్ పక్కా అయినంక వస్త."

బావ తెల్లబోయాడు. "నువ్వు రానప్పుడు పైసలెక్కువ వచ్చే కువైట్ ఏం పాపం చేసింది? నేను ఒక్కన్నే ఉండుడైతే, రెండిట్ల ఫరకేంది?"

"నీ చెయ్యి" అంది అక్క, బీడీల చేట ముందుకు లాక్కుంటూ.

బావ పాకం చూస్తున్నట్టు కుడిచేతి రెండు వేళ్లూ రాసుకున్నాడు. మర్నాడు ఏజెంటుకు కెన్యా అనే చెప్పాడు.

ఒక రోజు తిరిగినంత మాత్రాన రెండు దేశాలు అర్థమయ్యాయని చెప్పలేను. త్వరగా ఇల్లు లేపాలనుకునేవాళ్లకు కువైటే నయమని ఇప్పటికీ అనుకుంటాను. రాజన్న ఇల్లు చూస్తే మీరూ అదే అంటారు. కానీ ఆయన వేళ్ల మధ్య జిలేబి పాకం సాగడం చూస్తే వెంటనే అనలేరు. మా వీధివాళ్లకు మాత్రం ఈ తేడాలేవీ పట్టలేదు. ఆ వారమంతా "దుబాయ్ ఖాయమైందంట గదా?" అని అడిగారు. "అయింది, కెన్యా దుబాయ్" అని అక్క జవాబిచ్చేది.

ఇలాంటి పని మీద బయల్దేరేవాళ్లకు ఒక్క సలహా: పోయొచ్చినవాళ్లను అక్కడ ఎంత సంపాదించారని అడిగి ఊరుకోకండి. తిరిగొచ్చాక ఏం పని చేస్తున్నారో అడగండి. ఇంట్లో భర్తను అడిగితే, భార్యనూ అడగండి.