నీళ్లలో పండిన ఘనమైన పంట

అమలాపురం డివిజన్ గణాంకాధికారిగా నాకది ఆఖరి పోస్టింగు. ఆ ఖరీఫ్‌లో కోతల ముందు తుఫాను వచ్చింది. ఊరికి కొన్ని చేలు ఎంచి, ఒక్కో చేలో కొలిచిన జాగా వరకు పంట కోసి తూచడాన్ని పంట కోత ప్రయోగం అంటారు. ఆ తూకాల సగటే ఊరి దిగుబడి. అది బాగా తగ్గితేనే ఊరు నష్టం జాబితాకెక్కుతుంది, రైతుకు రెండో పంట దాళ్వా నాట్లకు ఉచిత విత్తనం వస్తుంది.

రాజోలు దిగువన మురుగు కాలువ పక్క ఊరొకటి నిండా మునిగింది. మా కంప్యూటరు మాత్రం డివిజన్ మొత్తానికి ఆ ఊళ్లోనే ఘనంగా పండిందని తేల్చింది. ప్రోగ్రాం రాసిన సలహాదారు గారికి ఫోన్ చేస్తే, యంత్రం పొరపాటు చేయదని సెలవిచ్చారు. వరి ఈత నేర్చిందన్నమాట!

ఆ ఊరి కౌలు రైతు వెంకన్న గారు ఆఫీసుకు వచ్చారు. విత్తనం రాకపోతే దాళ్వాకు చేను బీడే.

"మా ఊళ్లో అంత పండిందని రాసేరంట కదండీ. ఆ చేనేదో చూపించండి బాబూ, కోసుకుంటాను."

తీరా చూస్తే మునిగిన చేల తూకం గళ్లన్నీ ఖాళీ. ఖాళీ గడిని ప్రోగ్రాం 'తెలియదు' అనుకుని సగటులోంచి తీసేస్తుంది. మెరక మీద బతికిన రెండు చేలే ఊరంతా అయి కూర్చున్నాయి. ఎందుకు ఖాళీగా వదిలావని గ్రామ వ్యవసాయ సహాయకురాలు సత్యవతిని గట్టిగానే అడిగాను.

"పండే చేనికి సున్నా చుడతామేంటండీ? గింజ లేకపోయినా లేదనమండి, ఆయ్."

ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే మా అమ్మ గుర్తొచ్చింది.

సంగతి చెప్పగానే సలహాదారు గారు ఒక్క దెబ్బతో ఖాళీలన్నిటినీ సున్నాలు చేసేశారు. ఇంకా కోతలే మొదలుకాని కొత్తపేట వైపు ఊళ్లలోనూ పంట తుడిచిపెట్టుకుపోయింది! అక్కడి రైతులేమో కొడవళ్లు నూరుకుంటున్నారు. ఆయన తెలివికి దండం పెట్టాలి. పైవాళ్లకు అనుమానమొచ్చి డివిజన్ జాబితానే పక్కన పెట్టబోయారు.

అప్పుడు ప్రోగ్రాంలో మార్పు పెట్టించాను. పంట పోతే సున్నా, ఇంకా కోయకపోతే వేరే గుర్తు, ఏ గడైనా ఖాళీగా ఉంటే లెక్క ముందుకు కదలదు. ఇక మిగిలింది సత్యవతి చెయ్యి. మళ్లీ అదే ఊరు వెళ్లాం. ట్యాబ్ పట్టుకుని ఆ అమ్మాయి సున్నా చుట్టడానికి వెనకాడింది. వెంకన్న గారు మోకాల్లోతు బురదలోంచి అన్నారు.

"చుట్టమ్మా. ముందు నా చేనికే చుట్టు."

ఊరు జాబితాకెక్కింది. ఖాళీ గడి కనిపిస్తే దాన్ని తీసేయడమా, సున్నా చేయడమా అన్నది తర్వాతి మాట. వదిలిన మనిషిని ముందు అడగాలి. ప్రోగ్రాం సరిదిద్దినందుకు ప్రశంసాపత్రం సలహాదారు గారికే వచ్చింది.