చిల్లుల గిన్నె దీపం

టెస్టరన్న అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అందరూ పెన్ను పెట్టుకునే చోట అతను టెస్టరు పెట్టుకునేవాడు, అందుకని ఆ పేరు. ముప్ఫై ఏళ్లు నూలు మిల్లులో కరెంటు పని చేశాడు. మిల్లు మూతపడ్డాక ఎన్నో గడపలు తొక్కాడు గానీ, యాభై ఆరేళ్ల మనిషిని నిచ్చెన ఎక్కించడానికి ఎవరికీ మనసొప్పలేదు. భార్య అంతకు ముందే పోయింది. చివరికి అక్కే కబురంపి, తన టైలరింగ్ కొట్టు వెనక గదిలో ఉండమంది.

పనీపాటా లేకుండా కూర్చుని తినడం అతనికి మింగుడుపడేది కాదు. అక్క ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇంకా బరువుగా ఉండేది.

ఒకరోజు పాత సామాన్ల కొట్టులో చిల్లుల గిన్నె ఒకటి కంటపడింది. కూరగాయలు కడిగి నీళ్లు వార్చే అల్యూమినియం గిన్నె, ఓ పక్క పిడి ఊడిపోయింది. అక్క చాలీచాలని వెలుతురులో కళ్లు చికిలించి కుట్టడం గుర్తొచ్చి, కొని తెచ్చాడు. తళతళలాడేలా తోమాడు. అడుగున రంధ్రం చేసి వైరు దూర్చి, లోపల హోల్డరు బిగించి, మిషను పైన బోర్లా వేలాడదీశాడు.

"గిన్నె కింద కూర్చోబెట్టావేంట్రా నన్ను" అని అక్క నవ్వింది. పక్క టీ కొట్టావిడ ముచ్చటపడి, తనకూ నాలుగు చేసిపెట్టమంది. పాత గిన్నెలు దొరికినప్పుడల్లా ఒక్కోటే చేస్తూ వచ్చాడు. టెస్టరన్న నడకే మారిపోయింది.

రెండు నెలలు బాగానే వెలిగింది. ఓ మధ్యాహ్నం అక్క ఎడమచేయి మిషను మీద ఉంచి, దీపాన్ని కాస్త ఇటు తిప్పుకుందామని కుడిచేత్తో గిన్నె పట్టుకుంది. అంతే, షాక్ కొట్టి కుర్చీతో సహా వెనక్కి పడింది. లోపలి గదిలోంచి అతను పరిగెత్తుకొచ్చి మెయిను ఆపేశాడు. ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేతి రెండు వేళ్లకు మాత్రం స్పర్శ రాలేదు.

ఆ సాయంత్రం వచ్చి గిన్నె దింపి చూశాడు. రంధ్రం అంచు బ్లేడులా ఉంది. ఫ్యాను గాలికి ఊగి ఊగి వైరు తొడుగు తెగి, గిన్నెకంతా కరెంటు పాకింది. వైరు ఒరుసుకోకుండా అక్కడ వేయాల్సిన రబ్బరు బుష్ వేయలేదు, ఎర్తూ ఇవ్వలేదు. మిల్లులో ఎవడైనా అలా చేస్తే చెడామడా తిట్టేవాడు. ఇంట్లో దీపమే కదా అనుకున్నాడు.

అక్క మాత్రం చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ, "తడిచేత్తో ముట్టుకున్నానమ్మా, నాదే తప్పు" అని చెప్పింది. టీ కొట్టావిడకీ అదే చెప్పింది. అతను పక్కనే తల దించుకుని నిలబడ్డాడు. మూడోరోజు పొద్దున్నే టీ కొట్టుకెళ్లాడు.

"అక్క చెయ్యి తడిగా లేదమ్మా. నేనే సరిగ్గా కట్టలేదు. మీకు చేస్తున్నవాటికీ అలాగే రంధ్రాలు పెట్టాను. అవి ఇవ్వను."

ఆవిడ, "చెప్పి మంచి పని చేశారు" అంది. మళ్లీ చేయమని మాత్రం అనలేదు. సంగతి వీధంతా పాకింది. తర్వాత ఫ్యాను బాగుచేయమని కూడా ఎవరూ పిలవలేదు.

అక్క మండిపడింది. "నీ పరువు కాపాడదామని నేను అబద్ధమాడితే, నువ్వే వెళ్లి బజారున పెట్టుకున్నావా?"

"నీ వేళ్లు పోగొట్టి, తప్పు కూడా నీదే అనిపించమంటావా అక్కా?"

ఆమె ముఖం తిప్పేసుకుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు వేళ్లకు పట్టు లేక గుండీల పనీ చేతికుట్టూ ఆగిపోయాయి. అడక్కుండానే అతను పక్కన కూర్చుని అంచులు మడిచి కుట్టడం మొదలుపెట్టాడు. వంకరగా వచ్చేవి. ఆమె విప్పి పక్కన పడేసేది, అతను మళ్లీ కుట్టేవాడు.

ఐదోరోజు మబ్బు పట్టింది. "కళ్లు కనబడట్లేదు. దీపం పెట్టు" అంది.

"వేరే మనిషిని పిలుద్దాం అక్కా."

"ఎవర్నీ పిలవను. నువ్వే పెట్టు. ఈసారి సరిగ్గా పెట్టు."

అదే గిన్నెకి అంచు అరగదీసి, బుష్ వేసి, ఎర్తు ఇచ్చి, మూడుసార్లు పరీక్షించి వేలాడదీశాడు. అక్క దాని కింద కూర్చుని మిషను తొక్కింది. ఆమె చెయ్యి దీపం వైపు లేచినప్పుడల్లా అతని కుట్టు ఆగిపోయేది.