బాబాయి చెయ్యూపిన బండి

కదులుతున్న బండి కంటపడితే చాలు, బాబాయి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. బస్సు కానీయండి, రైలు కానీయండి, ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ళ సామాన్ల లారీ కానీయండి, ఆయన చెయ్యూపకుండా ఏదీ ఊరు దాటలేదు. ఒకసారి చెత్తబండిక్కూడా ఊపాడని వీధిలో చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. దాని డ్రైవరుకి ఊపాడు.

వీధి మొత్తానికి ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. బస్టాండు గోడని ఆనుకుని ఆయనకో చిన్న కొట్టు. పెట్టెలకి పిడులు బిగిస్తాడు, జిప్పులు మారుస్తాడు, చక్రాలు ఊడిన సూట్‌కేసులని మళ్ళీ నడిపిస్తాడు. చేతిలో పని సగంలో ఉన్నా సరే, బయట హారన్ మోగిందా, పరుగో పరుగు. బస్సు మలుపు తిరిగి, దాని పొగ కూడా గాలిలో కరిగిపోయేదాకా రుమాలు ఊపుతూ నిలబడాల్సిందే. తిరిగొచ్చేసరికి నోరు తెరుచుకున్న పెట్టె పక్కన, దాని తాలూకు మనిషి కూడా నోరు తెరుచుకునే ఉండేవాడు.

"ఎవరండీ వాళ్ళు?" అని పిన్ని అడిగేది.

"ఏమో."

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెయ్యూపడమేంటి?"

"తెలిసినవాళ్ళకే ఊపాలంటే ఈ చేతికి ఏడాదికోసారి కూడా పనుండదే."

పెళ్ళైన కొత్తలో పోట్లాడి పిన్ని పుట్టింటికి బయల్దేరితే, ఆమె పెట్టెకి పిడి బిగించి, బస్టాండుదాకా మోసుకొచ్చిందీ ఆయనే. బస్సు కదిలాక పక్కన పరిగెత్తుతూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో రుమాలు ఊపాడు. పిన్ని తరవాతి స్టాపులో దిగి వెనక్కొచ్చేసింది. "అంత బాగా పంపిస్తుంటే ఎలా వెళ్తానర్రా!" అని ఇప్పటికీ అంటుంది.

కానీ ఒక్క విషయంలో మాత్రం పిన్నికి ఆయన మీద కోపం పోలేదు. ఆమె అన్నయ్యకి బదిలీ అయి ఊరు వదిలిన రోజు బంధుబలగమంతా స్టేషనుకి తరలివచ్చింది. ఇసకేస్తే రాలని జనం. అందులో బాబాయి లేడు. ఎక్కడా అని చూస్తే, అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ బండిలో ఎవరో దారినపోయేవాడికి రుమాలు ఊపుతున్నాడు! "చెత్తబండికి లేచిన చెయ్యి మా అన్నయ్యకి లేవలేదు" అని, బాబాయి కాఫీ చల్లారిందన్నప్పుడల్లా పిన్ని ఆ మాట ఎత్తేది. దాంతో ఆయన చల్లారిన కాఫీయే తాగడం అలవాటు చేసుకున్నాడు.

ఇదిలా ఉండగా, జనాన్ని విదేశయాత్రలకి తీసుకెళ్తూ, తన యాత్రికుల పెట్టెలన్నీ బాబాయి చేతే బాగుచేయించే టూరు యజమాని ఒకడు, రెండు సీట్లు మిగిలాయని ఇద్దర్నీ రమ్మన్నాడు. పిన్ని ఎగిరి గంతేసింది. బాబాయి తల గోక్కున్నాడు.

"మనం వెళ్తే ఇక్కడ చెయ్యెవరూపుతారే?"

"బస్సులు తమంతట తామే వెళ్తాయి లెండి."

ఆ పరాయి దేశంలో వాళ్ళు దిగిన హోటలు ఎదురుగానే పేద్ద రైల్వే స్టేషను. పైన ఆకాశమంత గాజు కప్పు. తెల్లవారితే దాని కింద మంచు పాలమీగడలా తేలుతుండేది. అందులోంచి రైళ్ళు చప్పుడు లేకుండా వచ్చేవి, చప్పుడు లేకుండా పోయేవి. అడుగుల శబ్దం కూడా దూదిలో చుట్టినట్టు వినపడేది. ఊరి జనమంతా ఇంకా నిద్రలోనే ఉండి, కల్లోనే ప్రయాణం చేస్తున్నట్టుండేది. బాబాయికి బొందితో స్వర్గానికి వచ్చినట్టయింది. మిగతా యాత్రికులు లేవకముందే వెళ్ళి, ఆ మంచులో రుమాలు ఊపి, పిన్ని కళ్ళు నులుముకునే వేళకి చక్కా వచ్చి కూర్చునేవాడు.

ఆఖరి రోజు చలి కొరికేస్తోంది. ఉతికిన రుమాలు ఆరలేదు. "మెడకి ఇదైనా చుట్టుకోండి" అని నిద్రకళ్ళతోనే పిన్ని తను అల్లిన మఫ్లరు కట్టి పంపింది. మందారం కూడా సిగ్గుపడేంత ఎరుపు.

బాబాయి వెళ్ళేసరికి ఒక రైలు కదలబోతోంది. ఇంజను వెనక పెట్టెలో ఒక అమ్మాయి, నుదురు అద్దానికి ఆనించి కూర్చుంది. బండి కదిలింది. ఆయన మఫ్లరు విప్పి, పక్కనే పరిగెత్తుతూ, పరిగెత్తుతూ ఇంజనుని కూడా దాటేసి, గిరగిరా ఊపాడు.

కీచుమని బండి ఆగింది.

జన్మలో ఆయన చెయ్యూపిన బండి ఆగడం అదే మొదటిసారి. 'అరెరె, ఎవరో ఏదో మర్చిపోయినట్టున్నారు' అనుకుని, పాపం, బెంచీల కింద వంగి వెతకడం మొదలెట్టాడు. పోలీసులకి దొరికింది ఆ భంగిమలోనే.

"పిన్నిగారూ, బాబాయిని పోలీసులు పట్టుకెళ్ళారు!" అని టూరు గైడు తలుపు బాదాడు. "మన బృందం విమానం అందుకోవాలంటే ఇంకాసేపట్లో రైలెక్కాలి. ఆయన్ని వదలకపోతే మేం ఆగలేమండీ."

"మీరు వెళ్ళండి నాయనా. ఆయన్ని వదిలి నేను తరవాతి స్టాపు కూడా దాటలేను" అంది పిన్ని, చెప్పులు తారుమారుగా వేసుకుంటూ. రైలు వేళదాకా మాటసాయానికి గైడు కూడా వెంట పరిగెత్తాడు.

స్టేషన్లోనే ఒక మూల పోలీసు గది. కిటికీ అద్దాలకి ఆవిరి పట్టింది. గుమ్మానికి కొలిచి కోసినట్టు, గుమ్మమంత ఉన్న పోలీసాయన బల్ల వెనక కూర్చున్నాడు. ఎర్ర మఫ్లరు ఆయన ముందు, కాటేస్తుందేమోనన్నట్టు, దూరంగా పెట్టి ఉంది. పోలీసాయన ఏదో గర్జించాడు.

"ఎర్రగుడ్డ ఊపితే బండి ఆపమని అర్థంట" అన్నాడు గైడు. "రోజూ వస్తారట, ఎక్కరట, దిగరట. రైల్లో ఎవరికి సైగ చేస్తున్నారని అడుగుతున్నాడు."

"సైగ కాదురా అబ్బాయ్, సాగనంపడం..." అని బాబాయి అందుకుని, ముచ్చెమటలు పట్టేదాకా వివరించాడు. గైడు దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"ఏం చెప్పావ్?" అంది పిన్ని.

"పెద్దాయనకి తిక్క అని చెప్పానండీ. తొందరగా వదులుతారని."

పోలీసాయన వినలేదు. బల్లమీది తెర ఇటు తిప్పాడు. స్టేషను కెమేరాల్లో పట్టిన బొమ్మలు. చప్పుడు లేని మంచు, చప్పుడు లేని రైళ్ళు, వాటి మధ్య చేపలా ఈదుతూ బాబాయి. పిన్ని కళ్ళార్పకుండా చూసింది. పూలగుత్తులతో, కౌగిలింతలతో పెద్ద గుంపు నిలబడ్డ పెట్టె దగ్గర ఆయన ఆగలేదు. దాటి వెళ్ళాడు. ఒంటరి ముసలాయన కిటికీ దగ్గర ఆగాడు. రుమాలు ఊపాడు. మర్నాటి బొమ్మలోనూ అంతే. జనం ఉన్నచోట చెయ్యి జేబులో. ఎవరూ లేనిచోట చెయ్యి ఆకాశంలో.

"ఇదేంటండీ, ఆ గుంపుని వదిలేశారు?"

"వాళ్ళకి బోలెడుమంది ఉన్నారు కదే. అక్కడ నా చెయ్యి దేనికి?"

"అంటే... ఆ రోజు మా అన్నయ్య..."

"మీ అన్నయ్యకి ఆ రోజు చేతుల అడవి ఉందే! అవతలి బండిలో ఒకతను సంచి ఒళ్ళో పెట్టుకుని మీ జనం వంకే చూస్తున్నాడు. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా!"

"ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పి ఏడవచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా. కాఫీ చల్లారిందంటే మాత్రం అరిచేదానివి."

పిన్ని గైడు వైపు తిరిగింది. "ఈసారి ఒక్క ముక్క మింగకుండా చెప్పు ఆయనకి. మింగావో, నీ పెట్టెకి జన్మలో జిప్పు పడదు."

గైడు చెప్పాడు. పోలీసాయన తెరమీది బొమ్మని తనే వెనక్కి తిప్పి ఒంటరి ముసలాయన్ని ఒకసారి, నుదురు అద్దానికి ఆనించిన అమ్మాయిని ఒకసారి చూశాడు. బాబాయి చెయ్యి ఎత్తగానే ఆ అమ్మాయి ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి చూసుకుని, తనకేనని తెలిసి, మెల్లగా నవ్వింది. బండి ఆగింది ఆ తరవాత. పోలీసాయన టీ చల్లారిపోయింది. ఆయన లేచి తలుపు తెరిచాడు.

"పొమ్మంటున్నాడు" అన్నాడు గైడు. "మఫ్లరు మాత్రం ఇవ్వడట. మీ చేతిలో అది ప్రమాదమట."

పరుగులు పెట్టి బండి అందుకున్నారు. బాబాయికి కిటికీ సీటు దొరికింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, తీసి కిటికీ మీద పెట్టాడు, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకున్నాడు. ఖాళీ ప్లాట్‌ఫారాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి వెతికాడు. జీవితమంతా ఊళ్ళని సాగనంపినవాడికి ఎదురుగా ఒక్క చెయ్యీ లేదు. పిన్ని దిగి తనే ఊపుదామనుకుంది గానీ, ఆయన దిగి తన కోసం వెనక్కి రావడానికి ఈ దేశంలో తరవాతి స్టాపు ఎక్కడుందో ఏమో!

బండి కదిలింది.

అప్పుడు మంచులోంచి, గుమ్మమంత మనిషి టోపీ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. బాబాయి కిటికీకి ఎదురుగా నిలబడి, రెండో చెయ్యి ఎత్తి ఊపాడు. బాబాయి మొహం వెలిగిపోయింది. అది చూసి పోలీసాయన కూడా చిన్నపిల్లాడైపోయాడు. బండితో పాటు పరిగెత్తాడు, కిటికీని దాటేశాడు, పెట్టెలని దాటేశాడు, ఇంజనుని కూడా దాటేశాడు. ఆయన ఊపుతున్నది ఎర్ర మఫ్లరు.

కీచుమని బండి ఆగింది.

"కొత్త కదే పాపం," అన్నాడు బాబాయి, కళ్ళు తుడుచుకుంటూ. "అలవాటు పడతాడులే."